దాలమ్మ గిన్నెలో పడ్డ చింతాకు

ఒకప్పుడు చింతాకు చింతాకంత ఉండేది కాదు.

నవ్వకండర్రా, నిజమే చెబుతున్నాను. అప్పట్లో ఒక్కో చింతాకు అన్నం తినే విస్తరంత ఉండేది. ఎండలో నెత్తిన పెట్టుకుంటే భుజాల దాకా నీడ పడేది. వానాకాలంలో చిగురు వేసేది, ఎండలు ముదిరేసరికి అన్ని చెట్లలాగే ఆకు రాల్చేసేది.

ఆ రోజుల్లో కొండ కింద ఒక చిన్న ఊరుండేది. ఊరి బయట ఒక చింతచెట్టు. చింతమ్మ అనేవాళ్ళు దాన్ని. ఆ చింతమ్మకు తన ఆకులంటే మహా మురిపెం. మేక తలెత్తితే చాలు, “ఏయ్, ఎటు చూస్తున్నావ్?” అని కొమ్మ విదిలించేది. కాయలు ఎవరేరుకున్నా ఏమీ అనేది కాదు గానీ, ఆకు జోలికొస్తే మాత్రం ఊరుకునేది కాదు. అందుకని జనం కాయలు ఏరుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. కాసేపు కూర్చుని దాంతో ఓ మంచీ చెడ్డా మాట్లాడినవాళ్ళు లేరు.

ఊరి చివరింట్లో దాలమ్మ అనే ముసలావిడ ఉండేది. ముసలావిడంటే మూల కూర్చుని మూలిగే మనిషి అనుకునేరు! పొద్దు పొడవకముందే పెరట్లో మట్టి పిసుకుతూ ఉండేది.

వానాకాలం వస్తే ఆమె పెరడంతా ఆకుకూరలే. తోటకూర గిల్లుకొచ్చి, రెండు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేయించేది. బచ్చలాకు తుంచి పప్పులో పడేసేది. గోంగూర ఉడకబెట్టి రోట్లో నూరేది. చలికాలం వస్తే చేమదుంపలు, కంద, పెండలం తవ్వేది. చేమదుంపలకు తొక్క వలిచి పులుసు పెట్టేది, కందకు ఆవ పెట్టేది. అంతే, పెద్ద వంటలేం కావు. కానీ దాలమ్మ పోపు వేసిందంటే, పక్క వీధిలో పడుకున్న కుక్క కూడా లేచి కూర్చునేది.

ఏం వండినా ముందు ఒక గిన్నెడు గోడ మీంచి పక్కింటికి వెళ్ళాల్సిందే. ఆ పక్కిల్లు పైడమ్మది. పడుచుపిల్ల. మొగుడు గొర్రెల్ని తోలుకుని కొండ అవతలికి పోతే నెలల తరబడి రాడు. ఇంట్లో ఆమే, ఆమె కూతురు కన్నమ్మే. పైడమ్మ దాలమ్మను “పెద్దమ్మా” అని పిలిచేది.

ఆ ఊళ్ళో ఒక అలవాటుంది. కూర వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపరు. గుప్పెడు చిక్కుడుగింజలో, చిన్న బెల్లంముక్కో, ఏమీ లేకపోతే నాలుగు మల్లెమొగ్గలో, ఏదో ఒకటి అందులో పడాల్సిందే. అలా దాలమ్మ గిన్నె అటు, పైడమ్మ గిన్నె ఇటు, గోడ మీద తిరుగుతూనే ఉండేవి.

ఒక ఏడు ఎండలు వచ్చాయి చూడండి, అలాంటిలాంటి ఎండలు కావు. పెరట్లో ఆకన్నది లేకుండా మాడిపోయింది. ఊరంతా జ్వరాలు. పైడమ్మకైతే గండం గడిచిందనే చెప్పాలి. జ్వరం వదిలింది గానీ నోరు చచ్చిపోయింది. అన్నం చూస్తే అటు తిరిగి పడుకునేది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

దాలమ్మ గంజి కాచింది. వద్దంది. చింతపండు చారు పెట్టింది. “పాత పులుపు పెద్దమ్మా, వాసనకే వెగటుగా ఉంది,” అని మొహం తిప్పుకుంది. ఇంట్లో మిగిలిన ఆఖరి చేమదుంపలు వేయించి తెచ్చింది. అవి కన్నమ్మ తిన్నది.

“ఏం తింటావే తల్లీ? ఏదో ఒకటి చెప్పు,” అంది దాలమ్మ మంచం పట్టె మీద కూర్చుని.

“పచ్చగా, పుల్లగా, లేతగా ఏదైనా ఉంటే ఒక్క ముద్ద తింటానేమో. ఈ ఎండల్లో ఎక్కడ దొరుకుతుందిలే పెద్దమ్మా.”

కన్నమ్మ వచ్చి దాలమ్మ కొంగు పట్టుకుని, “మా అమ్మ లేస్తుందా అమ్మమ్మా?” అని అడిగింది. దాలమ్మ ఆ పిల్ల తల నిమిరింది. “లేవకేం? లేస్తుంది. నేను లేపుతాను,” అంది. అనేసిందే గానీ, ఎలాగో ఆమెకే తెలియదు.

ఇంటికెళ్ళేసరికి వంటింటి గట్టు మీద పైడమ్మ కంచు గిన్నె కనిపించింది. అంచున చిన్న సొట్ట ఉంటుంది దానికి. మంచాన పడక ముందు పైడమ్మ అందులోనే కందిపప్పు పోసి పంపింది. పప్పు డబ్బాలో పోసుకుంది గానీ గిన్నె తిరిగివ్వలేదు. అందులో పెట్టడానికి ఏముంది కనక?

దాలమ్మ ఆ గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది.

“తోటకూరా, ఒక్క చిగురు ఇస్తావా?”

“నేను ఎండిపోయాను దాలమ్మా. వానలొస్తే రా, నీ ఒడి నింపుతాను,” అంది తోటకూర మొదలు.

బచ్చలి తీగ పలకనే లేదు. పాపం, పందిరి మీదే ప్రాణం పోయింది. గోంగూర పుల్లలుగా నిలబడింది. దాలమ్మ గునపం తీసి కంద ఉన్న చోట తవ్వింది.

“ఆగాగు!” అంది కంద. “నాకు ఈ ఒక్క మొలకే మిగిలింది. ఇదీ తీసేస్తే వచ్చే ఏడు నేనుండను.”

“అయ్యో, నిద్ర లేపానా నాయనా? పడుకో, పడుకో,” అని దాలమ్మ మట్టి కప్పి, పైన అరచేత్తో మెల్లగా తట్టింది.

ఇంక ఎక్కడికెళ్తుంది? కొంగు నెత్తిన కప్పుకుని, గిన్నె చంకలో పెట్టుకుని ఊరి బయటికి నడిచింది. చింతచెట్టు కూడా ఆకంతా రాల్చేసుకుని ఉంది. కానీ చిటారుకొమ్మన ఒకే ఒక్క ఆకు. లేతది, పసిపాప అరికాలి రంగులో ఉంది. చింతమ్మ దాన్ని ఎండ తగలకుండా కొమ్మల మధ్య దాచుకుంది.

“దాని వంక చూడకు,” అంది చింతమ్మ.

“చూడకుండా ఎలా ఉంటాను తల్లీ? దానికోసమే వచ్చాను,” అంది దాలమ్మ. పైడమ్మ సంగతంతా చెప్పింది.

చింతమ్మ విన్నది. వినీ, “ఉన్నది ఇదొక్కటే దాలమ్మా. ఇచ్చేస్తే నేను ఒట్టి మోడునే. కాకులు కూడా నవ్వుతాయి,” అంది.

దాలమ్మ బతిమాలలేదు. ఉన్న ఒక్కటీ ఇమ్మని ఎవరిని మాత్రం ఎలా అడుగుతాం? “నీ మాటా నిజమేలే,” అని చెట్టు మొదట్లో చతికిలబడి గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి ఆమెకు తెలియకుండానే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. “ఈ ఖాళీ గిన్నె తీసుకెళ్ళి ఆ పిల్ల చేతిలో ఎలా పెట్టను?” అని తనలో తనే గొణుక్కుంది.

“పెడితే ఏమవుతుంది? గిన్నె గిన్నేగా?” అంది చింతమ్మ.

“మా ఊళ్ళో ఖాళీ గిన్నె తిరిగివ్వరమ్మా.”

“ఎవరు పెట్టారు ఆ కట్టుబాటు?”

“ఎవరూ పెట్టలేదు. ఇవ్వబోతే చెయ్యి రాదు, అంతే. మనకి పెట్టిన మనిషి గుర్తొస్తుంది.”

చింతమ్మ కొమ్మలు కిందికి వాల్చింది. తర్వాత చిన్న గొంతుతో, “నా దగ్గరికి ఎవరూ ఎప్పుడూ గిన్నె తేలేదు,” అంది.

“నువ్వెప్పుడైనా ఒకరికి పెట్టావా మరి?” దాలమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. “మేక మూతి ఎత్తితే కొమ్మతో కొట్టేదానివి!”

గాలి లేదు, పిట్ట వాలలేదు. అయినా చిటారుకొమ్మ ఒకసారి వంగింది. లేతాకు తొడిమ ఊడి, అటూ ఇటూ ఊగుతూ వచ్చి దాలమ్మ గిన్నెలో పడింది.

దాలమ్మ లేచి చెట్టు మొదలును రెండు చేతులా వాటేసుకుంది. ఇంక ఇంటికి పరుగే.

పైడమ్మ పంపిన కందిపప్పే కుండలో పడేసింది. ఆకులో చిన్న ముక్క తుంచి, రెండు అరచేతుల మధ్యా మెత్తగా నలిపి, ఉడుకుతున్న పప్పులో వేసింది. చిటికెడు పసుపు, కాస్త ఉప్పు. పప్పుగుత్తితో ఎనిపి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పోపు పెట్టింది. చుయ్ మంది. ఆ వాసన గోడ దాటింది.

గోడ అవతల మంచం కిర్రుమంది. పైడమ్మ లేచి కూర్చుంది.

“పెద్దమ్మా, అదేంటి?”

దాలమ్మ పప్పు గిన్నె పట్టుకుని వచ్చింది. “మాట్లాడకుండా నోరు తెరువు,” అని వేడన్నంలో కలిపి ముద్ద పెట్టింది. పైడమ్మ నమిలింది. కళ్ళు మూసుకుంది. ఒక్క ముద్ద అన్న మనిషి కంచం ఖాళీ చేసి, “ఇంకొంచెం ఉందా?” అని అడిగింది. దాలమ్మ మొహం పక్కకు తిప్పి కొంగు అడ్డం పెట్టుకుంది. కన్నమ్మ వాళ్ళమ్మ ఒళ్ళోకి దూరిపోయింది.

పోపు వాసన ఒక్క గోడతో ఆగుతుందా? జ్వరాలతో నోళ్ళు చచ్చినవాళ్ళు ఊరినిండా ఉన్నారు. గిన్నెలు పట్టుకుని వరసగా దాలమ్మ ఇంటికి వచ్చారు. “మా అత్త మూడు పూటల నుంచీ ఏమీ ముట్టలేదు దాలమ్మా.” “మా పిల్లాడు మంచినీళ్ళు కూడా తాగట్లేదు.”

దాలమ్మ తడిగుడ్డలో చుట్టిన ఆకు వంక చూసింది. పైడమ్మకు రేపటికీ ఎల్లుండికీ అని దాచిందది. చెయ్యి ముందుకు రాలేదు.

“తుంచు పెద్దమ్మా,” అంది పైడమ్మ పక్కన తన గుమ్మం పట్టుకుని నిలబడి. “నా ముక్క కూడా తుంచి పెట్టు. నాకు నోరు తెరుచుకుంది, ఇక గంజైనా తాగుతాను.”

దాలమ్మ తుంచింది. మనిషి మనిషికీ అందేలా చిన్న ముక్కలు, ఇంకా చిన్న ముక్కలు. ఆఖరికి గోటితో గిల్లి పెట్టింది. విస్తరంత ఆకు ఊరందరికీ సరిపోయింది. ఆ పూట ప్రతి ఇంట్లోనూ పప్పు పుల్లపుల్లగా ఉడికింది.

మర్నాడు దాలమ్మ చెట్టు దగ్గరికి వెళ్ళింది. చింతమ్మ ఒంటి మీద ఆకన్నది లేదు. కొమ్మ మీద కాకి కూర్చుని, “మోడు! మోడు!” అని ఒకటే వెక్కిరింపు.

చింతమ్మ కాకిని పట్టించుకోలేదు. “పైడమ్మ తిన్నదా?” అని అడిగింది ముందు.

“తిన్నది తల్లీ. మారు కూడా అడిగింది.”

“అయితే సరే,” అంది చింతమ్మ. ఆ తర్వాత, “ఒళ్ళు మండిపోతోంది దాలమ్మా. వేళ్ళ దాకా ఎండిపోతున్నాను. వానల దాకా ఉంటానో ఉండనో,” అంది.

దాలమ్మ ఇంక అక్కడ నిలవలేదు. గబగబా ఊళ్ళోకి వచ్చి నడివీధిలో నిలబడి కేకేసింది. “ఏమర్రా! నిన్న అందరూ తిన్నారుగా? ఆ గిన్నె నాది కాదు, చింతమ్మది. దాన్ని ఖాళీగా తిప్పుతారా?”

అందరూ తలలు దించుకున్నారు. “పెట్టడానికి ఇళ్ళలో ఏముంది దాలమ్మా? బావిలో నీళ్ళు కూడా అడుగంటాయి.”

“అన్నం వండుకుంటున్నాం కదా?” అంది పైడమ్మ. “బియ్యం కడిగిన కడుగు ఉంటుంది కదా?”

అంతే. ఆ పూట నుంచి ఏ ఇంట్లో బియ్యం కడిగినా ఆ కడుగు గిన్నెలో పట్టి చింతమ్మ మొదట్లో పోశారు. రోజూ ఆ కడుగు తాగే గేదెలు మూతి ముడుచుకున్నాయి గానీ, వాటికీ నచ్చజెప్పారు. పైడమ్మ గోడలు పట్టుకుని, ఆగి ఆగి నడుస్తూ, అంచు సొట్టపోయిన తన కంచు గిన్నె తనే మోసుకెళ్ళింది.

మొదటి గిన్నె పోసినప్పుడు చింతమ్మ, “నాకా? నాకేనా?” అంది. ఆ మాట విని పైడమ్మ ఏడ్చేసింది.

కొన్నాళ్ళు గడిచాయి. ఎండలు ఇంకా మండుతూనే ఉన్నాయి. ఒక పొద్దున దాలమ్మ గిన్నె పట్టుకుని వెళ్ళి చెట్టును చూసి అలాగే నిలబడిపోయింది. కొమ్మకొమ్మకీ లేత చిగురు! కానీ ఆకులు? ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంతే ఉంది. ఈనెకు అటూ ఇటూ వరసగా కూర్చున్నాయి.

“ఇదేంటి తల్లీ, ఆకులిలా చిన్నబోయాయి? ఒంట్లో బాగాలేదా?” అని దాలమ్మ కంగారు పడింది.

చింతమ్మ కిలకిలా నవ్వింది. “బాగానే ఉన్నాను. ఆకు పెద్దదైతే ఎవరో ఒకరి గిన్నెలోనే పడుతుంది. నువ్వు గోటితో గిల్లి గిల్లి అందరికీ పెట్టావటగా? ఈ వయసులో నీకెందుకా శ్రమ? అందుకే నేనే ముందు తుంచి పెట్టేశాను.”

“మరి వానలు రాకముందే చిగురించావేం?”

“నీ పెరడు ఎండిపోయేది ఎండల్లోనే కదా దాలమ్మా.”

ఆ సాయంత్రం ఊరంతా చెట్టు కిందే ఉంది. ఒడి నిండా చిగురు కోసుకుని, కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. చీకటి పడబోతుంటే పైడమ్మ లేచి, గిన్నె కింద పెట్టి, చెట్టుకు రెండు చేతులూ జోడించింది.

చింతమ్మకు చేతులేవి? చూసింది, చూసింది. తన ఆకుల్నే రెండేసి దగ్గరికి చేర్చి మెల్లగా ముడిచింది.

“అమ్మా, చింతమ్మ దండం పెడుతోంది!” అని అరిచింది కన్నమ్మ.

అప్పటినుంచే చింతాకు చింతాకంత అయింది. అప్పటినుంచే పెరళ్ళన్నీ ఎండిపోయే మండుటెండల్లో చింతచెట్టు చిగురిస్తుంది, మన పప్పులోకి పులుపు పంపిస్తుంది. పొద్దుగూకేవేళ వెళ్ళి చూడండి, ఆ చిన్ని ఆకులన్నీ రెండేసి చేరి దండం పెడుతూ ఉంటాయి. వెళ్ళేటప్పుడు మాత్రం గిన్నెడు కడుగు పట్టుకెళ్ళండర్రా, ఖాళీ చేతులతో వెళ్ళకండి.