ఎవరి యాంటెన్నా వారిదే

పొద్దంతా దున్ని వచ్చి తీర్పు చెప్పాల్సిన పుల్లెద్దుకి పంచాయతీ అంటేనే నీరసం. మూడో రోజు కూడా కళ్లం దగ్గర అందరూ చేరేసరికి, నిలబడే ఓపిక లేక, పడుకునే వింటానంది.

తగువు చిన్నదేమీ కాదు. గోరింక తన జట్టుతో రోజూ ఆటాపాటా కట్టి టీవీలో చూపిస్తుంది. చూసే ఇంటివాళ్లు వారానికి గుప్పెడు వేరుశనక్కాయలు ఇవ్వాలి. జట్టుకు అదే తిండి. ఈమధ్య నక్క తన గుట్ట మీద బుల్లి యాంటెన్నాలు పాతి, గోరింక ఆటను గాలిలోంచి పట్టి, నెట్‌లో అందరి ఫోన్లకూ పంపుతోంది. తనకు నాలుగు కాయలిస్తే చాలంది. దాంతో గోరింక గుమ్మంలో గుప్పెడు పోసేవాళ్లే లేకపోయారు. డోలు కొట్టే వడ్రంగిపిట్ట అప్పుడే జట్టు వదిలి వెళ్లిపోయింది. ఇవాళా ఏదీ తేలకపోతే టీవీ మూసేస్తానని గోరింక మెల్లగా చెప్పింది. అరిచే ఓపిక దానికీ లేదు.

నక్క మాత్రం తాపీగా ఉంది. నలుగురిని పోగుచేసి చూపిస్తే తప్పుగానీ, తాను ఇంటికొక యాంటెన్నా పాతానంది. ఎవరి యాంటెన్నాతో వాళ్లు చూసుకుంటుంటే మధ్యలో తన ప్రమేయమేమిటని అడిగింది. గుట్ట అద్దెకిచ్చానంతే అంది. మెడలో వేలాడే ఫోనులో ఆట చూస్తూనే మేక తల ఊపింది.

పుల్లెద్దు కళ్లు మూసుకుని విన్నది. దాని పాకలోనూ నక్క పంపే ఆటే నడుస్తోంది. ఆ సంగతి గుర్తొస్తే తలెత్తబుద్ధి కాలేదు.

"అయితే నా యాంటెన్నా నాదేనా అల్లుడూ?"

"అచ్చంగా నీదే మామా. నీ పేరు కూడా రాశాను."

"పద, పీక్కుపోతా. మా పాక మీద పెట్టుకుంటా."

నక్క అడ్డొచ్చింది. "ఈ వయసులో నీకెందుకా శ్రమ? అక్కడే ఉండనీ మామా."

అంతా గుట్టెక్కారు. పుల్లెద్దు తన పేరున్న యాంటెన్నాను కొమ్ముకు తగిలించి లాగింది. అదొక్కటే రాలేదు. మట్టి కింద దాచిన తీగతో సహా వరసలు వరసలుగా అన్నీ లేచొచ్చాయి. మేక ఫోనులో ఆట ఆగిపోయింది. పక్కనున్న కుందేలు ఫోనూ అంతే.

"నాది పీకితే మేకది ఎందుకాగిందిరా?" పుల్లెద్దు నిట్టూర్చింది. "ఇంటికొకటి కాదు, ఉన్నది ఒక్కటే. ఊరందరికీ చూపిస్తున్నది నువ్వే. ఆట గోరింకది. దాన్ని అడిగి, దాని వాటా దానికిచ్చి చూపించు. లేదా మానెయ్."

నక్క తీగచుట్ట భుజానేసుకుని గుట్ట దిగిపోయింది. మళ్లీ గుప్పెడు ఇవ్వాలా అని మేక గొణిగింది. ఇవ్వాలంది పుల్లెద్దు, ముందు తన గుప్పెడు గోరింక ముందు పోసి.

నీతి: పరుల కష్టాన్ని ఎన్ని ముక్కలు చేసి పంచినా, అది మన కష్టమైపోదు.