ముత్యాలి మేత

ముత్యాలి తిరిగొచ్చింది. పంపించి నాలుగు రోజులు కూడా కాలేదు. ట్రాలీ ఆటోలోంచి దించేసరికి డొక్కలు లోపలికి పోయి, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది.

"మేత ముట్టలేదు సామీ," అంది దాన్ని తీసుకెళ్లిన ఓబుళమ్మ, గుర్రాలను చూసుకునే ఇమామప్పతో. ఆమె బత్తాయి తోటలో జత పోయి ఒంటరిదైన ముసలి గుర్రం ఒకటుంది. దానికి తోడుగా ఉంటుందనే ఈ ఆడగుర్రాన్ని అడిగి తీసుకెళ్లింది. "ఉలవలు పెట్టినా, బెల్లం పెట్టినా వాకిలి దిక్కే చూస్తాంది."

ఇమామప్ప గబగబా దగ్గరికి వచ్చి, నానిన ఉలవలు దోసెడు తీసి మూతి దగ్గర పెట్టాడు. ముత్యాలి ఒక్క గింజ మిగల్చలేదు. అతనికి కళ్లు చెమర్చాయి. నిజం చెప్పొద్దూ, ఛాతీ కూడా కాస్త పొంగింది.

ఆదోని దారిలో సూఫీ గురువు జమాల్ పీరు నడిపే ఆ గుర్రాల ఆశ్రయానికి జట్కాలు లాగి లాగి కుంటుపడిన గుర్రాలూ, పెళ్లి ఊరేగింపులకు ఇక పనికిరానివీ వస్తుంటాయి. కోలుకున్నాక మంచి ఇల్లు చూసి పంపిస్తారు. అక్కడ ఒకటే కట్టడి: ఏ గుర్రానికీ ఒకే మనిషి వరసగా రెండు పూటలు మేత పెట్టకూడదు. అది పని వంతులేసుకోవడానికి పెట్టిన పద్ధతి అనుకున్నాడు ఇమామప్ప. గిట్ట కుళ్లి వచ్చిన ముత్యాలికి ఐదు నెలలు తానొక్కడే పెట్టాడు. ఇంకెవర్నీ దరిదాపులకు రానివ్వలేదు.

"పీరుసాబ్, ఇది నన్ను ఇడిసి బతకదు. ఈడనే ఉండనీండి," అని గురువును బతిమాలాడు.

మర్నాడు పొద్దున పీరుసాబ్ రొట్టె తెప్పించి, తుంచి, స్వయంగా ఇమామప్ప నోట్లో పెట్టారు. ఇరవై ఏళ్ల శిష్యరికంలో ఎన్నడూ దక్కని భాగ్యం అది.

"ఇంక నా చేత్తో తప్ప తినొద్దు," అని చేతికర్ర పట్టుకుని గేటు దాటి వెళ్లిపోయారు.

మధ్యాహ్నమైంది, పొద్దు గూకింది, ఆయన రాలేదు. రంజాన్ ఉపవాసాలున్న ఒంటికి ఇదొక లెక్కా అనుకున్నాడు ఇమామప్ప. కానీ మర్నాటి మధ్యాహ్నానికి కళ్లు తిరిగాయి. ఉలవల బుట్ట ఎత్తబోయి ముత్యాలి కాళ్ల దగ్గరే కూలబడ్డాడు. గింజలు దాని ముందే ఒలికి ఉన్నా, అది అతని చేతుల వంకే చూసింది.

గుర్రాన్ని వదిలి ఊరికి పోలేక అక్కడే ఉండిపోయిన ఓబుళమ్మ సంగటి పట్టుకొచ్చింది.

"తిను నాయనా."

"పీరుసాబ్ పెడితేనే తినాల."

"ఆయన రాకపోతే?"

వస్తారు అనబోయి తలెత్తాడు. ముత్యాలి పక్కటెముకలు కనబడ్డాయి. మొన్నా కనబడ్డాయి కానీ, మొన్న అతను చూసుకున్నది తన గొప్పనే.

నోరు తెరిచాడు. ఓబుళమ్మ ముద్ద పెట్టింది.

నాలుగు ముద్దలు తిని లేచాడు. ఉలవలన్నీ ఎత్తి ఆమె కొంగులో పోశాడు. ముత్యాలి మెడ మీద చేయి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు. దానికి కనబడకుండా గేటు దాటి గోడ అవతలికి నడిచాడు. అది సకిలించింది. ప్రాణం విలవిల్లాడింది, అయినా వెనక్కి తిరగలేదు.

గోడ నీడలో పీరుసాబ్ కూర్చుని ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఏమో. ఒళ్లో విప్పని రొట్టెల మూట. ఆయనా ఏమీ తినలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

ముత్యాలి చాలాసేపు సకిలించింది, తర్వాత ఊరుకుంది. కాసేపటికి ఓబుళమ్మ "తిను నా తల్లీ, తిను" అనడం వినిపించింది. ఆ వెనకే నమిలే చప్పుడు.

ఇమామప్ప లోపలికి పోదామని లేవబోయాడు. పీరుసాబ్ అతని చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మన చోటు ఇదే," అన్నారు.