రెంటచింతల వోల్టేజీ

బ్రహ్మానికి ఒక నంబరు కావాలి. మూడేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. ఉస్తాద్ చెప్పడం లేదు.

జిలానీ ఉస్తాద్ గుంటూరులో కంప్యూటర్లు బాగుచేస్తారు. బ్రహ్మం ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. ప్రాసెసర్‌ను కంపెనీవాళ్లు పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో పరుగెత్తించడంలో ఆయన చేయి తిరిగిన మనిషి. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. వేగం పెరగాలంటే వోల్టేజీ పెంచాలి, వోల్టేజీ పెరిగితే వేడి పెరుగుతుంది. వోల్టేజీ చాలకపోతే మిషను పని మధ్యలో ఆగిపోతుంది. మరీ ఎక్కువైతే ప్రాసెసర్ ఆయుష్షు తగ్గిపోతుంది. మరి రోజూ వాడుకునే మిషనుకు ఎంత పెట్టాలి? ఆ నంబరే బ్రహ్మానికి కావాలి.

బ్రహ్మం అడిగినప్పుడల్లా ఉస్తాద్, "ఎవరి మిషను?" అని ఎదురు ప్రశ్న వేసేవారు. ఇంటర్నెట్‌లో వెతికితే వందమంది వంద నంబర్లు చెబుతున్నారు, ఈయన మాత్రం ఒక్కటీ చెప్పరని బ్రహ్మానికి లోపల కోపంగా ఉండేది.

ఏప్రిల్ చివర్లో రెంటచింతల నుంచి సలోమి టీచర్ మిషను వచ్చింది. వినపడని పిల్లల కోసం ఆవిడ చేతి సైగలతో పాఠాలు చెప్పి వీడియోలు తీస్తుంది. బడి తెరిచేలోగా అరవై పాఠాలు పూర్తి కావాలి. తీసిన పాఠాన్ని కంప్యూటర్ వీడియోగా తయారుచేయడానికి ఒక్కోదానికి అరగంట పడుతోంది. "కాస్త స్పీడు పెంచి పెట్టు బాబూ" అని ఇచ్చి వెళ్లింది.

బ్రహ్మం రెచ్చిపోయాడు. షాపులో ఏసీ వేసుకుని కూర్చుని 1.42 వోల్టులు ఇచ్చి, వేగాన్ని 5.1 గిగాహెర్ట్జ్ దాకా లాక్కెళ్లాడు. రెండు గంటలు పరీక్ష పెట్టాడు. మిషను ఆగలేదు. అరగంట పట్టే పాఠం ఇరవయ్యారు నిమిషాల్లో తయారైంది. ఫొటో తీసి స్నేహితుల గ్రూపులో పెట్టాడు కూడా. ఉస్తాద్ ఆ రోజు ఊళ్లో లేరు. ఆయన వచ్చేసరికి మిషను రెంటచింతల చేరిపోయింది.

మే నెల మధ్యలో టీచర్ ఫోన్ చేసింది. ఉస్తాద్ కూడా వినాలని బ్రహ్మం స్పీకర్ ఆన్ చేశాడు.

"చాలా స్పీడుగా ఉంది బాబూ! నీ మేలు మర్చిపోలేను. ఫ్యాను దాని వైపు తిప్పితే చాలు, అసలు ఆగడంలేదు."

బ్రహ్మం ముఖం వెలిగిపోయింది. ఉస్తాద్ చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టి లేచారు.

"పద, రెంటచింతల వెళ్లొద్దాం."

"ఎందుకు ఉస్తాద్? ఆవిడ థాంక్స్ చెబుతోందిగా!"

"అందుకే."

రెంటచింతల ఎండ గురించి వేరే చెప్పాలా? వాళ్లు బస్సు దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. రోడ్డు మీద కుక్క కూడా లేదు. టీచర్ పనిచేసుకునేది రేకుల గదిలో. సీలింగ్ ఫ్యాను బిగించే వీలు లేదు. ఉన్నది ఒక్కటే టేబుల్ ఫ్యాను. కంప్యూటర్ డబ్బా పక్క డోరు ఊడదీసి, ఆ ఫ్యానును దాని ముందు నిలబెట్టింది ఆవిడ. తను మాత్రం తడిపిన తువ్వాలు నెత్తిన వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. జాకెట్టు ఒంటికి అతుక్కుపోయింది.

"బయట వసారాలో కూర్చోవచ్చుగా టీచరమ్మా?" అన్నారు ఉస్తాద్.

"ఒక్కోసారి ఫ్యాను కదిలిపోతుంది అన్నయ్యా. అప్పుడు మిషను ఆగిపోతే పాఠం మళ్లీ మొదటికొస్తుంది. అది ఆగకూడదు కదా, నాదేముంది" అంటూ లోపలికెళ్లి మజ్జిగ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది.

ఉస్తాద్ గ్లాసు అందుకున్నారు. రెండో చేత్తో ఫ్యానును పట్టుకుని టీచర్ కుర్చీ వైపు తిప్పారు.

"ఇప్పుడు నడిపి చూడరా, నీ నంబరు."

బ్రహ్మం ఒక పాఠం మొదలుపెట్టాడు. నాలుగు నిమిషాలు గడిచాయి. కంప్యూటర్ లోపలి చిన్న ఫ్యాన్లు గగ్గోలు పెట్టాయి. వేడి వంద డిగ్రీలకు చేరింది. తెర నీలంగా మారి, మిషను ఆగిపోయింది. టీచర్ కంగారుగా లేచి ఫ్యాను దగ్గరికి వెళ్లబోయింది.

"మీరు కూర్చోండమ్మా" అన్నారు ఉస్తాద్. ఆ మాట మెల్లగానే అన్నారు గానీ, బ్రహ్మానికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. తను గొప్పగా గ్రూపులో పెట్టుకున్న ఆ 5.1ని ఇన్నాళ్లూ ఈవిడ తన చెమటతో నడిపించింది. పైగా ఫోన్ చేసి మేలు మర్చిపోలేనంది. సిగ్గుతో తల వాలిపోయింది.

ఎంత పెట్టమంటారని ఈసారి అడగలేదు. స్టూలు లాక్కుని మిషను ముందు కూర్చున్నాడు.

వేగాన్ని 4.7కి దించాడు. వోల్టేజీని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చాడు. 1.20 దగ్గర మిషను ఆగింది. 1.22 దగ్గర ఆగలేదు. కరెంటు ఒడుదొడుకులకీ, ఇంతకంటే మండే రోజులకీ ఉండనీ అని ఇంకాస్త పెంచి 1.24 దగ్గర పెట్టాడు. ఊడదీసిన డోరు తెచ్చి బిగించాడు. పాఠం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు ఇరవై ఎనిమిది నిమిషాలు పడుతుందండీ" అన్నాడు తప్పు చేసినవాడిలా.

"రెండు నిమిషాలేగా బాబూ!" అంది టీచర్.

వేడి ఎనభై దాకా ఎక్కి అక్కడే నిలబడింది. పది నిమిషాలు దాటాయి. పదిహేను దాటాయి. తెర మీద టీచర్ రెండు చేతులూ పైకెత్తి, వేళ్లు ఆడిస్తూ కిందికి దించుతోంది. వాన అని చెబుతోందని బ్రహ్మానికి కూడా అర్థమైంది. ఏదో అడుగుదామని వెనక్కి తిరిగాడు.

కుర్చీలో టీచర్ నిద్రపోతోంది. నెత్తి మీది తువ్వాలు ఒళ్లోకి జారింది. ఫ్యాను గాలికి నుదుటి మీద వెంట్రుకలు ఎగురుతున్నాయి. ఎన్ని రోజుల అలసటో, నోరు కొద్దిగా తెరుచుకుని, పసిపిల్లలా పడుకుంది.

బ్రహ్మం చాలాసేపు అలాగే చూశాడు. తెర మీద ఇంకొక్క నిమిషం మిగిలింది. పని పూర్తయితే కంప్యూటర్ టింగుమంటుందని గుర్తొచ్చి, చప్పున వెనక్కి తిరిగి సౌండు తీసేశాడు.

పాఠం పూర్తయింది. చప్పుడు కాలేదు.

ఉస్తాద్ అతని భుజం మీద చెయ్యి వేశారు. "ఇక నుంచి నన్ను నంబరు అడక్కు. నీకొచ్చేసింది."

బ్రహ్మానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మూడేళ్లు తన విసుగును భరించి, ఇంత ఎండలో ఇంత దూరం తీసుకొచ్చిన మనిషి! ఏమనాలో తెలియక రెండు చేతులూ జోడించాడు.

ఉస్తాద్ తల అడ్డంగా ఊపారు. "నాక్కాదురా" అని గొంతు తగ్గించి, గడ్డంతో కుర్చీ వైపు చూపించారు.

బ్రహ్మం జోడించిన చేతులు అలాగే ఉంచి అటు తిరిగాడు.