లేరు గారి కుటుంబం

హైమావతికి ముప్పై ఆరేళ్లు. అర్థం కాకపోయినా తలూపడం ఆమె అలవాటు. కాపురంలో బాగా సాధన చేసిన విద్య. పగలు కుట్టుపని మహిళల సంఘంలో కంప్యూటర్ పని, సాయంత్రం అమీర్‌పేటలో సువర్చల మేడమ్ దగ్గర డేటాబేస్ క్లాసు.

ఒకరోజు తలూపకుండా అడిగింది.

“మేడమ్, అందరికీ ఒకే గడులు కట్టేది టేబుల్ అంటారు. ఎవరి వివరాలు వాళ్ల తీరుగా దాచేది డాక్యుమెంట్ అంటారు. ఎవరికెవరు ఏమవుతారో గీతలు కలిపేది గ్రాఫ్ అంటారు. నాకంతా గందరగోళంగా ఉంది. మా సంఘానికి ఏది మంచిది?”

“ఇప్పుడు మీ సంఘంలో ఏం పని నడుస్తోంది?”

ఇంటికొకటి చొప్పున కుట్టుమిషన్లు పంచుతున్నారు. ఏ ఇల్లు ఎవరిదో భర్త పేరును బట్టి తేల్చమన్నాడు అధ్యక్షుడు. మహిళల సంఘానికి అధ్యక్షుడు మగవాడే. అదేం వింత కాదు.

“ఆయన చెప్పినట్టే టేబుల్ కట్టు. ఏమవుతుందో చూసి రా,” అంది మేడమ్.

కట్టింది. భర్త పేరు గడి ఖాళీగా ఉంటే టేబుల్ ఒప్పుకోలేదు. మొగుడు పోయినవాళ్లకు, వదిలేసినవాళ్లకు, అసలు పెళ్లే చేసుకోనివాళ్లకు అందులో “లేరు” అని కొట్టింది. ఒకే భర్త గనక ఒకే ఇల్లని కంప్యూటర్ లెక్క కట్టింది. వాళ్లందరికీ కలిపి ఒక్క మిషను వచ్చింది.

వాళ్లలో సలోమి ఒకతె. తల్లిని పోషిస్తోంది. మిషను రాకపోతే మళ్లీ పరాయి ఇళ్లలో అంట్లే. నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చి నిలబడింది.

“హైమక్కా, ఆ లేరు గారెవరో కాస్త చూపించు. ఇంతమందిని కట్టుకున్నోడు ఒక్కపూటైనా కూడు పెట్టలేదేం?”

హైమావతి క్లాసుకు పరుగెత్తింది. “టేబుల్ పనికిరాదు మేడమ్! డాక్యుమెంట్ అయితే సలోమికి ఆ గడే ఉండేది కాదు. గ్రాఫ్ అయితే ఆమెకూ తల్లికీ గీత కలిసేది. మార్చేయనా?”

“మిషన్ల లెక్కకు టేబులే నయం. ఒకే మిషను ఇద్దరి పేర రాయనివ్వదు.”

“అంటే మూడూ మంచివేనా? మూడూ చెడ్డవేనా? నన్నింకా తికమక పెడుతున్నారు!”

మేడమ్ బోర్డు తుడుస్తూ అంది: “దేన్ని ఎందుకు వాడాలో నేను నేర్పుతాను హైమా. ఇల్లంటే మొగుడని దానికి నేర్పిందెవరు?”

హైమావతి భర్త పేరు గడి తీసేసి ఇంటి నంబరు పెట్టింది. భర్తల పేర్లు వేరు గనక ఒకే ఇంట్లో ఉన్న అధ్యక్షుడి భార్యకూ కోడలికీ చెరొకటి వెళ్లిన మిషన్లలో ఒకదాన్ని ఆటోలో వేయించుకొచ్చి సలోమికి ఇచ్చింది.