పాత లైసెన్సు కింద ఒక దిద్దుబాటు

అడిగిన ప్రశ్నకు వెంటనే బదులివ్వడం వేదాద్రి మాస్టారికి అలవాటు లేదు. కాకినాడలో ముప్పై ఏళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషి. ఆయన శిష్యురాలు సుభాషిణి ఆ మధ్యాహ్నం లాప్‌టాప్ తెరిచి ఆయన ముందు పెట్టి, కూర్చోకుండానే అడిగింది.

"ఆరేళ్లు కూర్చుని రాసిన సాఫ్ట్‌వేర్, మాస్టారూ. ఎవరైనా వాడుకోండని కోడ్‌తో సహా ఊరికే ఇచ్చాను. ఒక పెద్ద క్లౌడ్ కంపెనీ దాన్ని తన కంప్యూటర్లలో పెట్టి, తన పేరుతో అద్దెకిస్తోంది. తిరిగి ఒక్క ముక్క కోడ్ రాసిచ్చింది లేదు. అందుకే కొత్త కూర్పుకి లైసెన్సు మార్చేస్తున్నాను. ఇకమీదట అద్దెకిచ్చేవాళ్లెవరూ దీన్ని ముట్టుకోకూడదు. తప్పా?"

మాస్టారు ఫోన్ తీసి తన పాత విద్యార్థి దావీదురాజుకి కలిపి, స్పీకరు పెట్టారు. దావీదురాజు మన్యంలో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో పనిచేస్తాడు. అక్కడి దాతల వివరాలన్నీ ఆ కంపెనీ అద్దెకిచ్చిన సుభాషిణి సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. అది ఎవరు రాశారో అతనికి తెలియదు.

"ఒక్క నిమిషం, మాస్టారూ! కాన్పు కేసు. ఓ నెగటివ్ రక్తం కావాలి," అన్నాడతను. కీబోర్డు టకటకలాడింది. వెనకనుంచి ఎవరో "ఇంకా ఎంతసేపయ్యా?" అని కేకేశారు.

"తెర మీద చక్రం తిరుగుతూనే ఉందండీ," అన్నాడు దావీదురాజు. " గ్రూపూ ఊరూ కలిపి వెతికితే ఇలాగే నిలబడిపోతుంది."

ఆ లోపం సుభాషిణికి తెలుసు. దాని దిద్దుబాటు, తాను తాళం వేయబోతున్న కూర్పులోనే ఉంది.

"దొరికాడు! గాంధీబొమ్మ దగ్గర మనిషే. బండి పంపండి!" దావీదురాజు గొంతు తేలికపడింది. "కంపెనీవాళ్లు మంచోళ్లు, మాస్టారూ. ఇది కూడా బాగుచేస్తామన్నారు. సొంతంగా నడుపుకుందామంటే మా దగ్గర తెలిసినవాళ్లెక్కడున్నారు?"

తన పేరు చెప్పబోయి సుభాషిణి ఆగిపోయింది. ఫోన్ పెట్టేశాక లాప్‌టాప్ ముందు కూర్చుంది. తర్వాత ఆ ఒక్క దిద్దుబాటునీ విడదీసి, పాత లైసెన్సు కిందే అందరికీ విడుదల చేసింది. కొత్త లైసెన్సు మాత్రం చెరపలేదు. ఆమె వేలు ఇంకా మీటల మీదే ఉంది.

"అయితే ఆ కంపెనీ చేస్తున్నది న్యాయమేనంటారా?" అంది.

"కాదు," అన్నారు మాస్టారు. "ఆ కోపం ఉండనీ, అమ్మా. అది ఎవరి గుమ్మంలో పడుతోందో, ఆ చిరునామా ఒక్కటీ సరిచూసుకో."