ఎడమకు తిరగని మెడ

ఒకానొక రాజ్యంలో, దాని పేరు చెబితే ఆ వంశంవాళ్ళు ఈనాటికీ మెడలు తడుముకుంటారు కనుక చెప్పను, ఉద్దండ భూపతి అనే రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే తాను రాజునన్న సంగతి ఎవరు మరిచినా ఆయన మాత్రం మరిచేవాడు కాదు. స్నానానికి తప్ప కిరీటం తీసేవాడు కాదు. నిద్రలోనూ అది నెత్తినే ఉంటుందని అంతఃపురం దాసీలు గుసగుసలాడుకునేవారు. ఎవరికైనా కానుక ఇస్తే, ఏం కావాలని అడిగి ఇవ్వడం లేదు, తనకు తోచింది ఇచ్చేయడమే. పూరిపాకలో ఉండే ఒక కవికి ఏనుగునిచ్చాడు. పాపం, ఆ కవి దాన్ని మేపలేక దేశాలు పట్టిపోయాడు.

ఒకనాడు లేచేసరికి రాజుగారి మెడ పట్టేసింది. తల కుడివైపుకు ఉండిపోయింది, ఎడమకు తిరగదు. రాజన్నవాడికి నొప్పేమిటనుకుని, ఎవరితోనూ చెప్పకుండా మేకపోతు గాంభీర్యంతో కొలువులో కూర్చున్నాడు. ఎడమవైపు ఉన్న సామంతులు రాజుకు తమమీద కోపమొచ్చిందని బెంగపడి ఒక్కొక్కరే కుడివైపుకు జరిగారు. జరగనిది రాణి చెంగమాంబ ఒక్కతే. ధర్మపత్ని చోటు ఎడమవైపు, అది తాతల నాటి ఆచారం. మెడ పట్టిందని ఆవిడకు తెలియదా అంటే, అనుమానం లేకపోలేదు. ఆ మాట ఆయన నోటితో అంటే వినాలని ఆవిడ పట్టుదల. వారం తిరిగినా ఆయన అననూ లేదు, ఇటు చూడనూ లేదు. ఆవిడ పుట్టింటికి పల్లకి సిద్ధం చేయమంది.

అప్పుడు పుట్టింది రాజుకు అసలు నొప్పి. ఆస్థానంలో ఒళ్ళు పట్టేవాళ్ళను పిలిపించాడు. వాళ్ళకు ఎవరి ఒళ్ళయినా ఒకటే. పాదాల దగ్గర మొదలుపెట్టి ఒకే వరసలో రుద్దుకుంటూ పోయారు. వాళ్ళు అడగలేదు, ఆయన చెప్పలేదు. నొప్పి ఒకచోట, మందు ఇంకొకచోట. మెడ ఉన్నచోటే ఉంది.

చివరికి మంత్రి కేసన, సింగన్న అనేవాడి పేరు చెప్పాడు. సింగన్న ఒకప్పుడు కుస్తీలు పట్టిన జెట్టి. వయసు మళ్ళాక ఒళ్ళు పట్టడం పనిగా పెట్టుకున్నాడు. చెయ్యి వేసేముందు "ఎక్కడ?" అంటాడు, వేశాక "ఎంత గట్టిగా?" అంటాడు, నడుమనడుమ "చాలునా?" అంటాడు. కుమ్మరికి పట్టినట్టు పురోహితుడికి పట్టడు. చెయ్యి నాది, ఒళ్ళు మీది, ఇద్దరం కలిస్తేనే పని అనేవాడు.

ఆ సింగన్న కొలువుకు వచ్చి, దండం పెట్టి, అలవాటుకొద్దీ "ఎక్కడ ప్రభూ?" అన్నాడు.

రాజు కనుబొమలు లేచాయి. "రాజును ప్రశ్నించేటంత మొనగాడివా? మాకు నొప్పేమీ లేదు. ఎడమవైపు చూడబుద్ధి కావడం లేదు, అంతే. దాన్ని బాగుచెయ్యి. మరొక్క ప్రశ్న వేసినా, పని కాకపోయినా, పొద్దుగూకేలోగా రాజ్యం విడిచిపో."

ఆ మాట విన్న రాణి, పల్లకి రేపటికి కాదు ఈ సాయంత్రానికే కావాలని కబురు పెట్టింది.

సింగన్న ఇరుకున పడ్డాడు. ఈ వయసులో ఊరు విడిచి ఎక్కడికి పోతాడు? అడగకుండా పట్టేద్దామా అంటే, పట్టేసిన మెడ, తెలియక ఒక్క నొక్కు ఎక్కువ నొక్కితే ఇంకా బిగుసుకుంటుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగితే ఉన్న అన్నమే పోయేటట్టుంది.

చేతులు కట్టుకుని ఇలా అన్నాడు. "ఏలినవారి బదులు పత్రాలమీద ముద్ర వేసేది మంత్రిగారు. కానుకలు అందుకునేదీ వారే. ఈ మర్దన కూడా ముందు వారే అందుకుంటే తమ మర్యాదకు తగినట్టుంటుంది ప్రభూ."

ఈ ఏర్పాటు రాజుకు నచ్చింది. మంత్రికి నచ్చలేదు గాని ఆయన్ని అడిగేదెవరు? రాజుగారి చూపు ఎటు పడుతుందో అటే, కుడివైపున చాప వేయించి, మంత్రిని తలపాగాతోనే బోర్లా పడుకోబెట్టాడు సింగన్న. మంత్రిని ప్రశ్నించడం నేరం కాదు కనుక ఎక్కడండీ అని అడిగాడు. ఏళ్ళ తరబడి వంగి వంగి దండాలు పెట్టిన నడుము, నాయనా, అన్నాడు మంత్రి. నువ్వుల నూనె గోరువెచ్చగా పడింది. ఇక్కడా? కాస్త కిందికి. ఇంతా? ఇంకొంచెం. మంత్రి కళ్ళు మూతలుపడ్డాయి, మొహాన పసిబిడ్డ నవ్వు వచ్చింది. చూస్తున్న సామంతులందరికీ ఎక్కడెక్కడి నొప్పులూ గుర్తుకొచ్చాయి.

సింగన్న మెల్లగా పైకి పాకి, మెడ దగ్గరికి వచ్చి, కావాలనే రెండు వేళ్ళ దూరంలో ఆగి అక్కడే నొక్కుతూ కూర్చున్నాడు. సింహాసనం మీద రాజు అటూ ఇటూ కదిలాడు. పళ్ళు బిగబట్టాడు. ఇక ఆగలేకపోయాడు.

"అక్కడ కాదురా, ఇంకాస్త పైకి."

సింగన్న పైకి జరిపాడు.

"ఎడమ చెవి కింద. తాడు మెలిపడ్డట్టు ఉంటుంది చూడు, అదే. అంత మెల్లగా కాదు, బొటనవేలితో."

మంత్రి అమ్మో అన్నాడు. ఆయనకు అక్కడ నొప్పి లేదు మరి. రాజు వినిపించుకునే స్థితిలో లేడు.

"ముందు ఆ తలపాగా తీయించు. నెత్తిన అంత బరువు పెట్టుకుని పడుకుంటే మెడ పట్టక ఏమవుతుంది?"

తనన్న మాట తన చెవినే పడింది. చెయ్యి తనంతట తానే కిరీటం మీదికి పోయింది. ఎడమవైపు నుంచి రాణి కిసుక్కున నవ్వడం అందరూ విన్నారు.

రాజు లేచాడు. కిరీటం తీసి, ఎడమకు చెయ్యిచాచి తడుముకుంటూ రాణి ఒళ్ళో పెట్టాడు. "నొప్పిగా ఉంది చెంగమ్మా" అన్నాడు చిన్నగా. తరువాత వెళ్ళి మంత్రిని లేపి తాను పడుకున్నాడు.

సింగన్న ఏమీ అడగలేదు. చోటు తెలుసు, బలం తెలుసు. సందేహం వచ్చినప్పుడు చెయ్యి ఆపేవాడు. ఊఁ, ఇంకాస్త, అని రాజే అనేవాడు. మెలిక మెల్లమెల్లగా వదిలింది. రాజు లేచి కూర్చుని ఎడమకు తిరిగాడు. వారం తరువాత భార్య ముఖం కనబడింది. ఆవిడ పల్లకిని వెనక్కు పంపించింది.

మెడ కుదిరాక దర్పం కూడా వెనక్కు వచ్చింది. అడగకుండానే మా గుట్టంతా లాగావు, ఇది మోసమన్నాడు రాజు.

"నేను లాగలేదు ప్రభూ, తమరు ఆజ్ఞాపించారు. మాలాంటివాళ్ళు చెప్పుకుంటే నొప్పి, తమరు చెబితే ఆజ్ఞ. చేతికి రెండూ ఒకటే."

రాజు పకపకా నవ్వాడు. వీడికి ఒక ఏనుగును ఇవ్వండి అనబోయాడు. రాణి దగ్గింది. రాజు ఆగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఏం కావాలని ఒక మనిషిని అడిగాడు. తైలానికి నువ్వుల చేను కావాలన్నాడు సింగన్న. ఎక్కడ అన్నాడు రాజు. ఏటి గట్టున. ఎంత? కుంచెడు విత్తనాలు చల్లేంత.

"సరే, ఇచ్చాం. చాలునా?"

సింగన్న తన మెడ తడుముకున్నాడు. "ఇంకాస్త, ప్రభూ."

రాజు విరగబడి నవ్వి ఇంకాస్త ఇప్పించాడు. ఆ నవ్వుకు రాజుగారి కిరీటం జారిపడవలసిందే, కానీ అది అప్పటికి ఇంకా రాణిగారి ఒళ్ళోనే ఉంది.