బాతుల తరఫు నక్క

కార్తీకం వస్తోందంటే చాలు, తుంగమడుగులో తాబేలు పోలమ్మ మెడ చాచి ఉత్తరం కేసి చూసేది. కొండలవతలి దేశం నుంచి పట్టెతల బాతులు వచ్చే కాలమది. మందకు నాలుగు రోజుల ముందే వాటి పెద్ద ధవళయ్య దిగేవాడు. దిగినా గట్టెక్కేవాడు కాదు. మడుగుకు పెద్దదిక్కైన పోలమ్మ అందరి ఎదుటా "ఈయన మాట బాతుల మాట" అన్నాకే గట్టు మీద కాలు పెట్టేవాడు. బాతులకూ బాతులకూ తగవొస్తే ఆయనే తీర్చేవాడు. బాతులు మడుగువాళ్ళ గూడు తొక్కితే మాత్రం తీర్పు పోలమ్మది. ఆయన తల వంచి వినేవాడు.

పనులయ్యాక ఇద్దరూ ఎండలో కబుర్లాడుకునేవారు. తమ దేశంలో నీళ్ళు రాయిలా గట్టిపడతాయనీ, వాటి మీద నడవొచ్చనీ ఆయన చెబితే పోలమ్మ ఇరవై ఏళ్ళుగా నమ్మలేదు. నమ్మనంటూనే మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది.

ఆ ఏడు మంద వచ్చింది, ధవళయ్య రాలేదు. కొండలు దాటుతూ మంచుగాలికి ఒరిగిపోయాడట. కొత్త పెద్దను ఇంకా ఎంచుకోలేదని బాతులు చెప్పాయి. పోలమ్మ రెండు రోజులు డిప్పలోంచి తల బయటపెట్టలేదు.

మూడో రోజు ఆ తుంగలోనే ఉండే నక్క బుచ్చన్న వచ్చాడు. చెవి వెనక బూడిదరంగు బాతు ఈక, వెంట రెండు బాతులు. ఊరకుక్కల నుంచి కాపాడతానని వాటిని మచ్చిక చేసుకున్నాడు. బాతులన్నీ తనను పెద్దగా పెట్టుకున్నాయని, ధవళయ్యకిచ్చిన మర్యాదే తనకూ ఇమ్మని అడిగాడు. పోలమ్మ మందనంతా పిలిచి అడగాల్సింది, అడగలేదు. ఆ ఈక చూడగానే ధవళయ్య గుర్తొచ్చి ఆమె కళ్ళు చెమర్చాయి. "ఈయన మాట బాతుల మాట" అనేసింది.

వారం తిరక్కుండా నీటికోడి మంగ ఏడుస్తూ వచ్చింది. గూట్లోని అయిదు గుడ్లూ బుచ్చన్న తినేశాడు. పోలమ్మ పిలిపిస్తే తీరిగ్గా వచ్చి కూర్చున్నాడు.

"అత్తా, నేనిప్పుడు పరదేశం వాణ్ణి. మీ తీర్పు నా మీద చెల్లదు. మంగను కొండలవతలికి వెళ్ళి చెప్పుకోమనండి."

ధవళయ్య తల వంచేవాడు కదా అని ఎవరో అంటే, ఆయన మెతకవాడని కొట్టిపారేశాడు.

తన కన్నీటికి మంగ గుడ్లు బలయ్యాయని పోలమ్మ తనను తాను తిట్టుకుంది. అయినా గొంతు పెంచలేదు.

"ఈ మడుగువాడివి కాదన్నమాట. అందరికీ వినపడేలా చెప్పు."

"కాదు. ముమ్మాటికీ కాదు."

పోలమ్మ అప్పుడు మందనంతా పిలిచింది. ఈ నక్కను మేం పంపలేదని బాతులు ఒక్క నోటితో అన్నాయి. వెంట వచ్చిన రెండూ తలలు దించుకున్నాయి.

"అయితే నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరూ పంపని పరదేశి పొద్దుగూకేలోగా పొలిమేర దాటాలి."

బుచ్చన్న మాట మార్చాడు. తాను ఇక్కడే పుట్టానని, తన బొరియ ఆ తుంగలోనే ఉందని గొణిగాడు.

"ఇక్కడివాడివైతే మంగ గుడ్ల తగవు తేలాలి. గుడ్లు తిన్నవాడికి ఇక్కడ శిక్ష వెలి. ఏ దారిన పోతావో నువ్వే చెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బుచ్చన్న ఈక అక్కడే పారేసి, పుట్టిన బొరియను వెనక్కి చూసుకుంటూ పొలిమేర దాటాడు.

పరాయి గొడుగు చూసుకుని మిడిసిపడేవాడికి సొంత చూరు మిగలదు.